శుచి ఎవరి పక్షం? – నైతిక పునాదుల సిద్ధాంతం, తెలుగు సంస్కరణ సాహిత్యం

మనిషి మంచిచెడ్డలను నిర్ణయించే తీరును రాజకీయ విశ్వాసాలతో ముడిపెట్టి వివరించిన ఇటీవలి ప్రతిపాదనల్లో జొనాథన్ హైట్, జెస్సీ గ్రాహం తదితరులు రూపొందించిన నైతిక పునాదుల సిద్ధాంతం ప్రముఖమైనది. దీని ప్రకారం నైతిక నిర్ణయం తర్కంతో కాక స్ఫురణతో మొదలవుతుంది. తర్కం ఆ తరువాత వచ్చి, అప్పటికే జరిగిపోయిన నిర్ణయానికి వకాల్తా పుచ్చుకుంటుంది. ఆ స్ఫురణలకు ఐదు పునాదులున్నాయి: ఇతరుల బాధ పట్ల స్పందన, న్యాయం, స్వపక్ష నిష్ఠ, పెద్దరికం పట్ల గౌరవం, పవిత్రత. ఉదారవాదులు మొదటి రెండింటి మీదనే ఎక్కువగా ఆధారపడతారనీ, సంప్రదాయవాదులు ఐదింటినీ ఇంచుమించు సమానంగా పరిగణిస్తారనీ 2009లో గ్రాహం, హైట్, నోసెక్ ప్రచురించిన అధ్యయనం ప్రతిపాదించింది. 2012లో వెలువడిన హైట్ గ్రంథం ‘ది రైటియస్ మైండ్’ ఈ ప్రతిపాదనను పండితేతర పాఠకుల వద్దకు తీసుకుపోయింది.

తెలుగు సాహిత్య విమర్శకు ఈ చట్రం ఆకర్షణీయంగా తోచడం సహజం. సంప్రదాయం, అభ్యుదయం అనే రెండు శిబిరాలుగా ఆధునిక సాహిత్యాన్ని చదివే అలవాటు ఇక్కడ చాలాకాలంగా ఉంది. ఆ అలవాటుకు మనస్తత్వశాస్త్రం నుంచి ఒక సమర్థన దొరికినట్లవుతుంది. విశ్వనాథ సత్యనారాయణను ఐదు పునాదుల రచయితగా, గురజాడ అప్పారావును రెండు పునాదుల రచయితగా చెప్పేస్తే పని సులువుగా తీరిపోతుంది. కాని సంస్కరణోద్యమ కాలపు రచనలను దగ్గరగా పరిశీలిస్తే ఈ పంపకం నిలవదు. పవిత్రత అనే ఐదో పునాది అక్కడ సంప్రదాయవాదుల సొత్తుగా లేదు. సంస్కర్తలే దాన్ని ఎంతో పట్టుదలతో వినియోగించారు. దానికి న్యాయం పేరుతో జవాబు చెప్పినవారు, ఆ సంస్కర్తలే అపవిత్రులుగా ముద్రవేసిన స్త్రీలు. సిద్ధాంతం వదిలేసిన ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది: ఒక విలువను ఎవరు పాటిస్తున్నారన్నది ఒకటి, అది ఎవరి మీద అమలవుతున్నదన్నది మరొకటి.

భువనేశ్వరంలో ఒక వితంతువు

ఈ సిద్ధాంతపు పుట్టుక తెలుగువారికి దూరమైనది కాదు. లారెన్స్ కోల్‌బర్గ్ ప్రతిపాదించిన నైతిక వికాస దశలు అన్ని సమాజాలకూ ఒకటేననీ, వికాసం చివరకు న్యాయభావన దగ్గరకు చేరుతుందనీ మనస్తత్వవేత్తలు అనుకుంటున్న కాలంలో, రిచర్డ్ ష్వేడర్ ఒడిశాలోని భువనేశ్వరంలో భిన్నమైన ఆధారాలు సేకరించారు. మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్‌లతో కలిసి ఆయన 1987లో ప్రకటించిన అధ్యయనంలో 39 చిన్న చిన్న సందర్భాలున్నాయి. వాటిని ఒకవైపు భువనేశ్వరంలోని బ్రాహ్మణుల ముందు, అంటరానివారిగా చూడబడిన కులాలవారి ముందు, మరోవైపు షికాగో నగరంలోని అమెరికన్ల ముందు ఉంచి, అవి తప్పా కాదా అని అడిగారు. తండ్రి మరణించిన మరునాడు పెద్దకొడుకు క్షౌరం చేయించుకుని కోడిమాంసం తినడం, భర్త పోయిన స్త్రీ వారంలో రెండు మూడుసార్లు చేపలు తినడం వంటివి ఆ సందర్భాల్లో ఉన్నాయి. అమెరికన్లకు తప్పుగా తోచని ఈ పనులు ఒడియా ప్రజలకు ఘోరాలుగా తోచాయి. నైతికతకు వ్యక్తి స్వేచ్ఛ ఒక్కటే ఆధారం కాదనీ, సమూహం, దైవత్వం అనేవి కూడా ఆధారాలేననీ ష్వేడర్ తరువాత సూత్రీకరించారు. హైట్ చెప్పిన పవిత్రతకు మూలం ఈ దైవత్వ నీతే.

వితంతువు చేప తినే సందర్భం మీద అప్పట్లోనే ఒక వాదం నడిచింది. ఇలియట్ ట్యూరియెల్, ఆయన సహచరులు ష్వేడర్ నిర్ధారణను అంగీకరించలేదు. చేప ఒంట్లో వేడి పుట్టిస్తుంది, వేడి కోరికలను రేపుతుంది, ఆ కోరికల వల్ల ఆమె దారి తప్పితే భర్త ఆత్మ క్షోభిస్తుంది అని స్థానికులు నమ్ముతున్నప్పుడు, వారు ఖండిస్తున్నది కూడా హానినే కదా అన్నది వారి ప్రశ్న. అంటే విలువ ఒకటే, లోకం గురించిన నమ్మకం వేరు. హైట్ ఈ చిక్కును విప్పడానికి ఎవరికీ హాని జరగని సందర్భాలను ప్రత్యేకంగా కల్పించారు. కారు కింద పడి చచ్చిన పెంపుడు కుక్కను ఇంటివారే వండుకు తినడం అలాంటి వాటిలో ఒకటి. సిల్వియా కోలర్, మరియా డియాస్‌లతో కలిసి బ్రెజిల్‌లోని రెసీఫె, పోర్తో అలెగ్రె నగరాల్లోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను 360 మందిని అడిగి చేసిన ఆ అధ్యయనం 1993లో అచ్చయింది. దాని ఫలితాల్లో ఒకటి తరువాతి ప్రచారంలో కొంత మరుగున పడింది. నగరానికీ నగరానికీ ఉన్న తేడా కంటే, ఒకే నగరంలో ఉన్నత, నిమ్న వర్గాల మధ్య తేడా ఎక్కువగా కనిపించింది. సంస్కృతిని ఒక్క ముద్దగా చూడరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు. దాన్ని అందించింది ఈ సిద్ధాంతకర్తే.

అదే ఏడాది హైట్ భువనేశ్వరం వచ్చి మూడు నెలలున్నారు. మగవారితో కలిసి తాను భోజనానికి కూర్చుంటే ఇంటి ఆడవారు మౌనంగా వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయేవారనీ, మొదట్లో అది తనను ఇబ్బంది పెట్టినా క్రమంగా ఆతిథేయుల మీద ఇష్టం ఏర్పడి వారి నీతి తనకు లోపలి నుంచి అర్థమైందనీ ఆయన తన గ్రంథంలో చెప్పుకున్నారు. నిజాయితీ ఉన్న కథనమే. కాని అందులో అర్థమైన నీతి పంక్తిలో కూర్చున్నవారిది. వంటింట్లోకి వెళ్లినవారి మాట అందులో లేదు. ఆ మాటను ఉషా మీనన్ తరువాత విన్నారు. భువనేశ్వరం గుడి చుట్టుపక్కల ఇళ్ల స్త్రీలతో ఏళ్ల తరబడి మాట్లాడి, వారు తమను బాధితులుగా భావించుకోవడం లేదనీ, వడ్డించడం, సేవ చేయడం, ఇంటిని నడపడం వారికి ఒక నైతిక సాధనగా, అధికారంగా ఉన్నాయనీ ఆమె వాదించారు. ఈ వాదాన్ని తోసిపుచ్చనక్కరలేదు. పిల్లలు, కోడళ్లు ఉన్న పెద్ద ముత్తయిదువ విషయంలో అది నిజం కావచ్చు. చేప తినరాని స్త్రీ విషయంలో నిజమా అన్నది వేరే ప్రశ్న. ఆ స్త్రీని గురించి వందేళ్ల ముందే ఇదే తూర్పుతీరంలో, రాజమండ్రిలో, విజయనగరంలో ఒక సాహిత్యం పుట్టి ఉంది.

మడి, మైల, ఎంగిలి

ఆ సాహిత్యంలోకి వెళ్లే ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. సిద్ధాంతం పవిత్రత అని ఒక్క మాటగా చెప్పేదానికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి. మడి, మైల, అంటు, ముట్టు, ఎంగిలి, శుచి, శుభ్రం, పవిత్రం అన్నవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా మడి కాదు. ఎవరూ తాకకుండా దండెం మీద ఆరిన వెలిసిపోయిన చీర మడి. మడి ఒక స్థితి. కట్టుకుంటే వస్తుంది, విప్పితే పోతుంది. ఎంగిలి సంగతి మరింత చిత్రమైనది. పక్కవాడి నోరు తగిలిన నీళ్లు పారబోయదగినవి అయినప్పుడు, దేవుడు ఆరగించిన శేషం కళ్లకద్దుకోదగిన ప్రసాదం. పదార్థం మారలేదు, సంబంధం మారింది.

హైట్ పవిత్రత భావాన్ని జుగుప్స నుంచి వచ్చినదిగా వివరిస్తారు. కుళ్లిన వస్తువుల నుంచి, రోగాల నుంచి దూరంగా ఉండడానికి ప్రాణికి ఏర్పడిన సహజ రక్షణే క్రమంగా నైతిక భావంగా విస్తరించిందన్నది ఆ వివరణ సారాంశం. మైల అన్న మాట ఈ వివరణకు లొంగదు. బిడ్డ పుడితే వచ్చే పురుడూ మైలే, మనిషి పోతే వచ్చేదీ మైలే. మొదటిది ఇంటిల్లిపాదికీ సంతోషం, రెండోది దుఃఖం. రెంటిలోనూ జ్ఞాతులకు పదిరోజుల కట్టడి ఒకటే. అంతకంటే ముఖ్యమైనది, శవాన్ని తాకనివాడికి, చూడనివాడికి, ఎక్కడో దూరదేశంలో ఉన్నవాడికి కూడా కబురు అందగానే మైల వస్తుంది. వినికిడి ద్వారా అంటే రోగం ఏదీ లేదు. అక్కడ పనిచేస్తున్నది జుగుప్స కాదు, రక్తసంబంధపు లెక్క. కాబట్టి మైల పవిత్రతకు ఎంత దగ్గరో స్వపక్ష నిష్ఠకూ అంతే దగ్గర. ఐదు పునాదుల మధ్య గీసిన గోడలు ఈ ఒక్క మాట దగ్గరే కూలిపోతున్నాయి.

మైల పదిరోజులకు తీరుతుంది. అంటరానితనం తీరేది కాదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టరాదని అంబేడ్కర్ 1948 నాటి ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో గట్టిగా చెప్పారు. అశుచి అన్ని ప్రాచీన సమాజాల్లోనూ ఉన్నదే, అది తాత్కాలికం, దానికి శుద్ధి ఉంది. పుట్టుకతో వచ్చి శుద్ధి లేనిది మాత్రం వేరే జాతికి చెందిన విషయం అన్నది ఆయన నిర్ధారణ. నైతిక పునాదుల ప్రశ్నావళి మన దేశంలో పవిత్రతకు ఎక్కువ మార్కులు వచ్చాయని చెప్పినప్పుడు, ఆ మార్కుల్లో స్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్లే ముసలమ్మ ఎంత, చెరువు మెట్లు దిగనివ్వని ఊరు ఎంత అన్నది తెలియదు. మొదటిది తన మీద తాను పెట్టుకున్న నియమం. రెండోది ఇతరుల మీద వేసిన శిక్ష. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు ఈ తేడాను కావ్య నిర్మాణంలోనే చూపారు. గుడిలోకి పోలేని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే పక్షిని శివుడి దగ్గరకు దూతగా పంపుతాడు. అతడు పవిత్రతను కాదనడం లేదు. శివుడు అతడికీ పవిత్రుడే, కాశీ అతడికీ పుణ్యక్షేత్రమే. అతడి ఫిర్యాదు న్యాయానికి సంబంధించినది. జాషువాను రెండు పునాదుల కవిగా చదివితే కావ్యంలోని సగం వేదన జారిపోతుంది.

శాస్త్రం చేతపట్టిన సంస్కర్త

కందుకూరి వీరేశలింగం 1879లో రాజమండ్రిలో వితంతు వివాహాల మీద ఉపన్యసించినప్పుడు ఆయన చేతిలో ఉన్న ప్రధానమైన ఆయుధం ధర్మశాస్త్రం. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బెంగాల్‌లో ముందే నడిచిన దారి అది; పరాశరస్మృతి వితంతు వివాహాన్ని అనుమతిస్తున్నదా లేదా అన్నదాని మీద పండితులతో వాదం సాగింది. 1881 డిసెంబర్ 11న జరిపించిన తొలి వితంతు వివాహం సైతం శాస్త్రోక్తంగా జరిగిన వివాహమే. బాలవితంతువుల బాధ ఆయనను కదిలించిందనడంలో సందేహం లేదు. కాని ఆ బాధను ఆయన సమాజానికి చెప్పిన భాషలో పెద్దల పట్ల గౌరవం, పవిత్రత నిండుగా ఉన్నాయి. పునర్వివాహం లేకపోతే వితంతువులు చెడిపోతారు, భ్రూణహత్యలు పెరుగుతాయి, ఇళ్లు మలినమవుతాయి అన్నది ఆ వాదంలో ప్రధానమైన పాయ. వితంతువు చేప తింటే కోరికలు రేగుతాయన్న భువనేశ్వర గృహస్థుకూ, పెళ్లి లేకపోతే కోరికలు దారితప్పుతాయన్న రాజమండ్రి సంస్కర్తకూ నిర్ధారణలు వేరు. భయం మాత్రం ఒకటే. ఒకరు కట్టడితో తీర్చదలచారు, మరొకరు కల్యాణంతో.

ఈ సంగతిని గ్రహించి నాటకంగా మలచినవారు గురజాడ. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరగరాసిన రూపంలో వెలువడింది. ఇక్కడ హైట్ సిద్ధాంతంలోని మొదటి సగం, అంటే తర్కం స్ఫురణకు వకీలన్న భాగం, గిరీశం పాత్రకు అద్భుతంగా సరిపోతుందని ఒప్పుకోవాలి. ఎవరి దగ్గర ఏ వాదం చెల్లుతుందో ఆ వాదం చేయగలవాడు గిరీశం. బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం ధర్మమంటాడు, అగ్నిహోత్రావధానులు దగ్గర ఆచారాన్ని పొగుడుతాడు. కోరిక ముందు పుడుతుంది, సిద్ధాంతం తరువాత వస్తుంది. అయితే హైట్ దృష్టిలో ఇది మానవ స్వభావం. గురజాడ దృష్టిలో ఇది ఇంగ్లీషు చదువు ఇచ్చిన ఒక ప్రత్యేకమైన నేర్పు కూడా. బుచ్చమ్మ అలా వాదించదు, వాదించలేదు. వకీలును పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదన్న సంగతి మనస్తత్వ సిద్ధాంతంలో కంటే నాటకంలో స్పష్టంగా ఉంది.

సిద్ధాంతపు రెండో సగం సౌజన్యారావు దగ్గర విఫలమవుతుంది. నాటకంలో ఉదారవాది ఎవరంటే ఆయనే. వితంతు వివాహ పక్షపాతి, అన్యాయంగా హత్యానేరం మోపబడిన లుబ్ధావధానులు పక్షాన నిలిచిన వకీలు. 2009 నాటి పటం ప్రకారం ఆయనలో హాని, న్యాయం అనే రెండు పునాదులు బలంగా ఉండి, పవిత్రత బలహీనంగా ఉండాలి. నిజానికి ఆయన జీవితనియమాల్లో అన్నిటికంటే కఠినమైనది వేశ్యాసంపర్క నిషేధం. వేశ్యను చూడరాదు, ఆమె నీడ తన ఇంట పడరాదు. 1890ల మద్రాసు రాష్ట్రంలో సాగిన భోగంమేళాల వ్యతిరేకోద్యమానికి ఆయన ప్రతినిధి. ఆ ఉద్యమాన్ని నడిపింది సంప్రదాయవాదులు కాదు, చదువుకున్న సంస్కర్తలు. వీరేశలింగం అందులో ముందున్నారు.

గురజాడ పన్నిన చిక్కు ఏమిటంటే, లుబ్ధావధానులును విడిపించే సత్యం మధురవాణి దగ్గర ఉంది. చచ్చిందనుకున్న పెళ్లికూతురు ఆడవేషం వేసిన కుర్రవాడన్న రహస్యం ఆమెకు తెలుసు. ఆమె వేశ్య కనుక నేరుగా ఆయన గుమ్మం తొక్కలేదు. మగవేషంలో రావలసి వస్తుంది. సౌజన్యారావులో న్యాయమూ పవిత్రతా ముఖాముఖి తలపడతాయి. సత్యం కావాలంటే శుచిని సడలించాలి. ఆమె అడిగిన వెల ఒక ముద్దు. ఆయన తడబడి ఒప్పుకుంటాడు, ఆమె పుచ్చుకోదు. చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట ఆమెకు అడ్డువస్తుంది. చెడనివాడి శుచిని ఆ రాత్రి కాపాడింది ఆయన వ్రతం కాదు, ఆయన అపవిత్రంగా భావించిన స్త్రీ పాటించిన నియమం. తొలి కూర్పులో పరిమితంగా ఉన్న మధురవాణి పాత్ర 1909 నాటికి ఇంత పెరగడానికి కళాకారణాలతో పాటు ఈ వివేచన కూడా కారణమై ఉండాలి. అప్పటికి భోగంమేళాల వ్యతిరేకోద్యమం వచ్చి దాదాపు రెండు దశాబ్దాలవుతోంది. దాని ఫలితం ఎవరి మీద పడిందో కనిపించసాగింది.

బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయమవుతుంది. గిరీశం నుంచి ఆమెను తప్పించడం అవసరమే. అయినా ఆ నిర్ణయం జరిగే చోట బుచ్చమ్మ లేదు. ఆమె ఏమనుకుంటున్నదో సౌజన్యారావు అడగలేదు. గురజాడ సైతం ఆమెకు ఒక మాట రాయలేదు. నాటకం తన ఉదారవాదిని చక్కగా పరీక్షించింది. వితంతువును మాత్రం పరీక్షకు సందర్భంగానే వాడుకుంది. ఈ లోటును గమనించకుండా ‘కన్యాశుల్కా’న్ని వితంతువుల పక్షాన నిలిచిన రచనగా మాత్రమే చెప్పడం సగం సత్యం.

రాధికా సాంత్వనం: కొలత ఒకటేనా?

వేశ్య అన్న ముద్రపడిన స్త్రీ నాటకంలో కాక లోకంలోనే, తన పేరుతో జవాబు చెప్పిన సందర్భం ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు వచ్చిన మరుసటి ఏడాదే జరిగింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె ‘రాధికా సాంత్వనం’లో రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికి ఇచ్చి పెళ్లి చేస్తుంది, తరువాత అసూయతో కుములుతుంది, చివరకు కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుతాడు. కోరిక స్త్రీది, అలక స్త్రీది, సాంత్వనం పొందేది స్త్రీ. శృంగార ప్రబంధాల్లో ఈ స్థానం సాధారణంగా నాయకుడిది.

వీరేశలింగం తన కవుల చరిత్రలో ఈ కావ్యాన్ని స్త్రీలు చదవదగనిదిగా, స్త్రీ నోట రాదగనిదిగా నిరసించారు. కవయిత్రి నడవడిని కూడా ఎత్తిచూపారు. అప్పటికి అచ్చులో ఉన్న ప్రతిలో కొన్ని భాగాలు లేవు. సంగీత విదుషి బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతిని సంపాదించి, పూర్తి పాఠాన్ని పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించారు. ఆమె కూడా దేవదాసీ వంశానికి చెందినవారే. ఆ పీఠికలో ఆమె చేసిన వాదం నైతిక మనస్తత్వ దృష్టితో చూసినప్పుడు చాలా విలువైనది. కావ్యం పవిత్రమైనదని ఆమె వాదించలేదు. అందులో శృంగారం లేదనీ అనలేదు. సిగ్గు ఆడవారికే సహజమై మగవారికి అక్కరలేనిదా అని అడిగారు. ఇదే శృంగారం మగకవులు రాసినప్పుడు పనికివచ్చి, వేశ్యాప్రసక్తి నిండిన ‘వైజయంతీ విలాసం’ సాక్షాత్తు వీరేశలింగం ఆమోదం పొంది అచ్చుకు నోచుకున్నప్పుడు, ముద్దుపళని కావ్యం ఒక్కటే ఎందుకు తప్పయిందన్నది ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న స్వభావాన్ని జాగ్రత్తగా గమనించాలి. నాగరత్నమ్మ పవిత్రత అనే విలువను పవిత్రతతో ఎదుర్కోలేదు, దాన్ని పూర్తిగా తోసిపుచ్చనూ లేదు. కొలత అందరికీ ఒకటేనా అని మాత్రమే అడిగారు. అది న్యాయం అనే పునాది మీద నిలబడిన ప్రశ్న. కర్నాటక సంగీత సంప్రదాయానికి అంకితమై, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించి, అక్కడే మందిరం కట్టించిన భక్తురాలు ఆమె. 2009 నాటి పటంలో ఆమెను ఎక్కడ ఉంచాలి? దైవభక్తి, పరంపర పట్ల గౌరవం, గురువు పట్ల నిష్ఠ అన్నీ ఉన్న స్త్రీ న్యాయం అడుగుతోంది. సంస్కర్త, ఉదారవాది, స్త్రీవిద్యకు మూలపురుషుడు అయిన పండితుడు శుచి అడుగుతున్నారు. విలువలు శిబిరాల ప్రకారం పంచబడి ఉంటే ఈ సన్నివేశం అసాధ్యం కావాలి. వీరేశలింగాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అక్కరలేదు. విగ్రహానికి రంగు వేసేవారికీ, రాళ్లు వేసేవారికీ ఒకేవిధంగా అడ్డుపడే సంగతి ఇది. బాలికా పాఠశాల తెరిచిన చేయి, ఆ పాఠశాల చదివిన స్త్రీ ఏం చదవాలో కూడా నిర్ణయించదలచింది. సంస్కృతురాలైన గృహిణిని నిర్మించడానికి ఆమెకు ఎదురుగా ఒక అపవిత్ర స్త్రీ అవసరమైంది. ఆ స్థానంలోకి కవిత్వం, సంగీతం, నాట్యం వచ్చిన స్త్రీలు నెట్టబడ్డారు.

అశ్లీలమన్న ఫిర్యాదు వలస ప్రభుత్వం దాకా పోయి 1911లో పుస్తకం నిషేధానికి గురైంది. ప్రకాశం పంతులు నాయకత్వంలోని మద్రాసు ప్రభుత్వం 1946–47 కాలంలో ఆ నిషేధాన్ని తొలగించింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ ముద్రించారు. దేవదాసీ అంకితాన్ని నిషేధించిన మద్రాసు చట్టం కూడా 1947 నాటిదే. కావ్యానికి విడుదల దొరికిన కాలంలోనే ఆ కావ్యాన్ని రాసిన, కాపాడిన స్త్రీల వృత్తి చట్టవిరుద్ధమైంది. బాలికలను గుడికి అంకితం చేయడం ఆగవలసిందే. ఆ చట్టం కోసం పోరాడిన ముత్తులక్ష్మి రెడ్డి వాదంలో పిల్లల బాధ పట్ల స్పందన నిజమైనది. కాని ఆ చట్టం చుట్టూ అల్లిన ప్రచారపు భాష హాని గురించి మాట్లాడినంతగా మలినం గురించి మాట్లాడింది. ఆ భాషలో ఆ స్త్రీలు రక్షింపదగినవారుగా ఒకసారి, తుడిచివేయదగినవారుగా మరొకసారి కనిపిస్తారు.

ఉదారవాదుల్లోనూ పవిత్రత భావం ఉందన్న సంగతిని హైట్ పూర్తిగా కాదనలేదు. ఆహారం, పర్యావరణం విషయాల్లో అది వామపక్షంలో కనిపిస్తుందని ఆయనే అన్నారు. కాని దాన్ని సూత్రానికి చిన్న మినహాయింపుగా చూశారు. తెలుగు సంస్కరణ సాహిత్యంలో అది మినహాయింపు కాదు. ఉద్యమపు నడిబొడ్డున ఉన్నది. ప్రశ్నావళి ఒక వ్యక్తిని పవిత్రతకు ఎంత విలువ ఇస్తావని అడుగుతుంది. ఎవరి పవిత్రతకు అని అడగదు. వీరేశలింగానికీ నాగరత్నమ్మకూ ఆ ప్రశ్నావళి ఇచ్చి ఉంటే ఇద్దరికీ దగ్గర దగ్గర మార్కులు వచ్చేవేమో. వారి మధ్య తేడా మార్కుల్లో తేలేది కాదు. ఒకరు కొలిచే చోట ఉన్నారు, మరొకరు కొలవబడే చోట ఉన్నారు.

ఈ వివాదం 1952తో ముగియలేదు. స్త్రీ దేహం గురించి స్త్రీలే రాసిన కవితలతో 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చిన కాలంలో, అవి అశ్లీలమన్న అభ్యంతరం సంప్రదాయ పండితుల నుంచే కాక అభ్యుదయ శిబిరం నుంచి కూడా వచ్చింది. ప్రసవం, రుతుస్రావం, పైట వంటివి కవితావస్తువులు కావడాన్ని ఒకరు సంప్రదాయ భ్రష్టత్వంగా, మరొకరు వర్గపోరాటం నుంచి దారితప్పడంగా చూశారు. కవయిత్రుల జవాబు మాత్రం కొత్తది కాదు. మగకవులు శతాబ్దాలుగా వర్ణించిన దేహం, ఆ దేహం ఉన్నవారు వర్ణించగానే ఎందుకు బూతయిందని వారు అడిగారు.